ఇంగ్లండు పెళ్ళిళ్ళూ, మా అమ్మమ్మ సలహా

ఆ రోజుల్లో, అంటే కళ్ళజోడు లేకుండానే నాకు అన్నీ కనిపించే రోజుల్లో, ఈ భూమ్మీద నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉండేది కాదండి. ఇరవై మూడేళ్ళ వయసు. ఎవరైనా ఏదైనా అడిగితే ప్రశ్న పూర్తవకముందే జవాబు సిద్ధం. దారి అడిగినవాళ్ళకి నాకు తెలియని దారి కూడా చెప్పి పంపించేసేదాన్ని (పాపం, వాళ్ళేమయ్యారో). ఇప్పుడు కాన్‌బెర్రాలో, గంగాలిన్ అనే పేటలో ఉంటూ, సిటీలో ఒక సర్కారు ఆఫీసులో పాత కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించే పని చూసుకుంటూ, రోజుకి పదిసార్లు 'నాకు తెలియదు, చూసి చెబుతాను' అంటున్నాను. మా టీములో కుర్రవాళ్ళు అదంతా నా వినయం అనుకుంటారు. వినయమూ లేదు, పాడూ లేదు. ఒక పెద్దావిడ వంటింట్లో కూర్చుని, నాలుగు గంటలు చెమటలు కక్కుతూ నేర్చుకున్న విద్య అది. ఆవిణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ రెండు చేతులూ జోడించాలనిపిస్తుంది. దానికంటే ముందు నవ్వొస్తుంది, అది వేరే సంగతి.

అప్పట్లో నేను మెల్‌బోర్న్‌లో, క్లేటన్‌లో ఉండేదాన్ని. యూనికి, అంటే యూనివర్సిటీకి, నడిచి వెళ్ళేంత దూరంలో మూడు గదుల ఇల్లు, అందులో ఐదుగురం తెలుగమ్మాయిలం, ఒకటే బాత్రూము. చదివేది డేటా మీద మాస్టర్స్. చేతిఖర్చులకి ఒక శాండ్‌విచ్ కొట్లో చేరాను గాని, మూడు వారాలకే ఆ ఉద్యోగం ఊడింది. దానికి కారణం మా గోదావరి వాళ్ళ పెట్టుబుద్ధి. వచ్చిన ప్రతివాడి మొహం చూసి 'పాపం, ఆకలి మీదున్నట్టున్నాడు' అనుకుని, రెండు రొట్టెముక్కల మధ్య పట్టినంతా కూరేసేదాన్ని. కొట్టు యజమాని చూసి చూసి, నువ్వు చాలా మంచి అమ్మాయివమ్మా, రేపట్నించి రావద్దు అన్నాడు. ఆ దిగులుతో లైబ్రరీలో తిరుగుతుంటే నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనబడింది. పాత చేతిరాత చదవడానికి కుర్రకళ్ళు కావాలి, ఓపిక తప్పనిసరి, మంగళ, గురువారాలు మధ్యాహ్నం అని పెద్దపెద్ద అక్షరాలతో రాసుంది. కళ్ళున్నాయి. ఓపిక సంగతి వాళ్ళకెలా తెలుస్తుందిలే అని ఫోన్ చేశాను.

ఆ ఇల్లు మాకు రెండు వీధుల అవతలే. గుమ్మం పక్కన నిమ్మచెట్టు, లోపల ఎక్కడ చూసినా అట్టపెట్టెలు. ఆవిడకి ఎనభై దాటాయి. ఇంగ్లండులో ఎక్కడో ఒక చిన్న సంత ఊళ్ళో పుట్టి, ఇరవయ్యో ఏట భర్తతో ఓడెక్కి వచ్చేసిందట. ఆయన పోయి చాలా కాలమైంది. ఆవిడ ఇక్కడే ఒక ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసి రిటైరైంది. నన్ను 'లవ్' అని పిలిచేది. మొదటిరోజు కాస్త కంగారుపడ్డాను గాని, వాళ్ళ వైపు పాలవాణ్ణి కూడా అలాగే పిలుస్తారని చెప్పింది. నేను మాత్రం 'ఆంటీ' అన్నాను. మా రూమ్మేట్లు ఆవిడకి 'పారిష్ ఆంటీ' అని పేరు పెట్టేశారు, ఎందుకంటే ఆవిడ నోట్లోంచి నిమిషానికోసారి ఆ మాట వచ్చేది. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరూ, దాని చుట్టుపక్కల పల్లెలూ. అక్కడ పుట్టినా, పెళ్ళాడినా, పోయినా ఆ చర్చి పుస్తకంలో ఎక్కాల్సిందే. ఆవిడ పదిహేనేళ్ళుగా తన పారిష్ చరిత్ర రాస్తోంది. చివరి అధ్యాయాలకొచ్చేసరికి కళ్ళు మోసం చేశాయి. చూపు మధ్యలో మసక, పక్కలకే కాస్త కనిపిస్తుంది. నన్ను చూడాలంటే నా పక్కనున్న ఫ్రిజ్జు వైపు చూసేది.

నా పనల్లా, అక్కడి చర్చివాళ్ళు పంపిన పాత రిజిస్టర్ల బొమ్మలు కంప్యూటర్లో తెరిచి, గట్టిగా చదువుతూ టైపు చేయడం. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ, ఎవరిల్లు ఏ సందులోనో, ఎవరి కూతురు ఎవరింటికి కోడలైందో బుర్రలోనే గీసుకునేది. మొదటి వారం ఇదేం గోలరా బాబూ అనుకున్నాను. రెండో వారానికి ఆ ఊరు నాకూ పట్టుకుంది. ఎందుకంటారా? అది అచ్చం మా ఊరే. శుక్రవారం శుక్రవారం సంత. సంతలోకి ఆవు వస్తే ఇంత, బండి వస్తే ఇంత అని గుమ్మం దగ్గరే వసూలు. 'ఇది ఆశీలు ఆంటీ, మా సోమవారం సంతలోనూ కడతారు' అన్నాను. తూనికలు చూసేవాడొకడు, రొట్టె బరువు చూసేవాడొకడు, బీరు రుచి చూసి బాగుందో లేదో చెప్పేవాడొకడు (ఆ ఉద్యోగానికి మా ఊళ్ళో అయితే కొట్టుకు చచ్చేవారు). ఊరి మీద పడ్డ పశువుల్ని పట్టి కట్టేసే దొడ్డి ఒకటి. 'బందెలదొడ్డి!' అని నేను కుర్చీలోంచి లేచేశాను. ఆవిడ ఆ మాట నాచేత నాలుగుసార్లు చెప్పించుకుని, తనూ పలికి, చాలా బరువైన మాట, దొడ్డికి తగ్గట్టుందని మెచ్చుకుంది. ఆ రోజునించి మా మధ్య టీతో పాటు బిస్కెట్లు కూడా వచ్చాయి.

ఆ ఊరి సంత మధ్యలో నాలుగు రాతి స్తంభాల మీద ఒక కప్పు ఉంది. పల్లెల నించి వచ్చిన ఆడవాళ్ళు వెన్నా గుడ్లూ దాని కింద కూర్చుని అమ్మేవాళ్ళు. నేను దానికి 'వెన్న మండపం' అని పేరు పెట్టుకున్నాను. ఆంటీ వాళ్ళమ్మకి ముత్తమ్మమ్మో, ఆవిడకి తల్లో, ఆన్ అనే ఆవిడ అక్కడ నలభై ఏళ్ళు వెన్నమ్మిందట. ఆ కథ ఆడవాళ్ళ నోటి మీద నాలుగైదు తరాలు దిగొచ్చింది గాని, ఆన్ ఎవరి పిల్లో మాత్రం ఎవరికీ తెలీదు. ఇప్పుడు ఊరివాళ్ళు మండపం బాగుచేస్తూ, పాత అమ్మకందార్ల పేర్లు పలకరాయి మీద చెక్కిస్తామనీ, వారసులెవరైనా ఉంటే వివరాలు పంపమనీ ఉత్తరం రాశారు. ఆంటీకి అదే ప్రాణమైపోయింది. 'ఆడవాళ్ళు పెళ్ళయ్యేదాకే కాగితంలో ఉంటారు లవ్, ఆ తర్వాత ఫలానావాడి భార్య, అంతే' అంది ఒకరోజు. 'ఈ ఒక్కావిణ్ణయినా పుట్టింటి పేరుతో నిలబెట్టి పోవాలి. నా కళ్ళు పూర్తిగా పోకముందే.' ఆన్ భర్త పేరు జాన్ టర్నర్ అని ఆవిడకి తెలుసు. ఆ పెళ్ళి పేజీ ఒక్కటి దొరికితే చాలు, పుట్టింటి పేరు తేలిపోతుంది.

దొరికింది. ఒక గురువారం మధ్యాహ్నం. 'ఈ పారిష్ వాడైన జాన్ టర్నర్, ఈ పారిష్‌దే అయిన ఆన్ టర్నర్, మూడు ఆదివారాలు చర్చిలో కేకవేసి అడిగినా ఎవరూ అభ్యంతరం చెప్పనందున, వివాహమాడారు.' నేను చదవబోయి ఆగిపోయాను. టర్నర్ పిల్లాడికి టర్నర్ పిల్లా? ఇద్దరిదీ ఒకే ఇంటిపేరా? అన్నాచెల్లెళ్ళ వరస కదండీ! మూడు ఆదివారాలు కేకేస్తే ఊరు ఊరంతా నోరు మూసుకుని కూర్చుందా? ఇక్కడ మీకు మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. మా తాలూకాలో ఏ సంబంధం వచ్చినా ముందు మా అమ్మమ్మ చెవిన వెయ్యాల్సిందే. ఇంటిపేరు చెబితే చాలు, ఏడు తరాలు ఏకరువు పెట్టేది. అలాంటి ఆవిడ మనవరాల్ని, నాకు వరసలు తెలియవా? ఫోన్ చూసుకునే నెపంతో పెరట్లోకి వెళ్ళి అమ్మమ్మకి కలిపాను. ఒకే ఇంటిపేరువాళ్ళకి పెళ్ళయినట్టు రాసుంటే ఏమనుకోవాలి అమ్మమ్మా అన్నాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

'రాసినవాడు తప్పు రాసుంటాడే అమ్మడూ. అలాంటి పెళ్ళి ఎవరు చేస్తారు?'

ఇంకేం, సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసింది. పూజారిగారు తొందరలో, ఎలాగూ కాసేపట్లో టర్నర్ వారి కోడలవుతుంది కదా అని, పెళ్ళికూతురికి మొగుడి ఇంటిపేరు ముందే తగిలించేశారన్నమాట. మరి అసలు పేరో? కింద సాక్షి సంతకం ఉంది, జేమ్స్ మార్ష్ అని, వంకర లేకుండా చక్కటి అక్షరాలతో. పెళ్ళికి సాక్షి సంతకం ఎవరు పెడతారు? కన్యాదానం చేసిన తండ్రి. కాబట్టి పిల్ల పేరు ఆన్ మార్ష్. తగుదునమ్మా అని లోపలికొచ్చి, గొంతు సవరించుకుని, 'ఆన్ మార్ష్' అని చదివాను. ఆంటీ టీకప్పు దించి, ఆ పేరుని పెదాలతోనే రెండుసార్లు అనుకుంది. మసక కళ్ళనిండా నీళ్ళు. ఆవిడ చేతిని పట్టుకుని నేనూ ఏడ్చాను. దొంగ ఏడుపు కాదండీ, నిజంగానే, ఒక తప్పుడు రాతని సరిచేసి ఒక ఇంటి గుట్టు కనిపెట్టానన్న ఆనందంతో. అక్కడితో ఆగితే బాగుండేది. చిన్న ఊరు కదా, ఉన్నవే పాతిక ఇంటిపేర్లు. అలాంటి పెళ్ళిళ్ళు మరో పది తగిలాయి. అన్నిటినీ అదే పద్ధతిలో సరిచేస్తూ పోయాను.

రెండు వారాలు గడిచాయి. ఒక గురువారం నేను వెళ్ళేసరికి ఆంటీ పండగ మీద ఉంది. పలకరాయి మీద చెక్కవలసిన మాటలు పంపించేసిందట. 'ఆన్ మార్ష్, జాన్ టర్నర్ భార్య, ఇక్కడ వెన్న అమ్మింది.' చెక్కే అతను సోమవారం పని మొదలెడతాడని కబురొచ్చింది. ఈలోగా బాప్తిస్మాల పుస్తకం కూడా వచ్చింది కదా, ఆన్ ఎప్పుడు పుట్టిందో చూడు లవ్, అతను పని మొదలెట్టేలోగా వయసు కూడా కలుపుదాం అంది. సరే అని తెరిచాను. మార్ష్ వారి ఇంట్లో ఆన్ అనే పిల్లే లేదు. ముందుకి వెళ్ళాను, వెనక్కి వెళ్ళాను, ఊహూ. పోనీ ఈ జేమ్స్ మార్ష్ ఎవరో చూద్దామని పెళ్ళిళ్ళ పుస్తకం మళ్ళీ తెరిస్తే, ఆన్ పెళ్ళి కింద ఆయన సంతకం. దాని తర్వాతి పెళ్ళి కింద ఆయన సంతకం. ముందు పేజీలోనూ ఆయనే, వెనక పేజీలోనూ ఆయనే. ఆ లెక్కన ఆ ఊళ్ళో సగం మంది పెళ్ళికూతుళ్ళకి ఆయనే తండ్రి కావాలి. మరో చోట చిన్న అక్షరాలతో ఉంది, ఆయన చర్చి గుమాస్తా. ఎవరి పెళ్ళయినా సాక్షిగా సంతకం గీకడమే ఆయన ఉద్యోగం.

ఈసారి టర్నర్ల ఇళ్ళు వెతుకుతూ మళ్ళీ బాప్తిస్మాల్లోకి వెళితే అక్కడ తీరిగ్గా కూర్చునుంది ఆన్: 'నదికి ఇవతలి పల్లెలో రాబర్ట్ టర్నర్ కుమార్తె.' జాన్ టర్నరో, నదికి అవతలి పల్లెలో వేరే టర్నర్ల పిల్లాడు. ఆంటీకి కనబడదు కాబట్టి నా మొహం రంగు మారడం ఆవిడకి తెలియలేదు. నేను మామూలుగా మాట్లాడాననే అనుకుంటున్నాను, అసలు ఈ టర్నర్ అనే ఇంటిపేరు ఎక్కడిది ఆంటీ అని అడిగాను. కొయ్యని తరిమెన పట్టి, అంటే గిర్రున తిప్పుతూ చెక్కి, గిన్నెలూ గరిటెలూ చేసేవాళ్ళని అలా అంటారు, ప్రతి పల్లెలోనూ ఒకడుండేవాడు, అందుకే దేశమంతా సంబంధం లేని టర్నర్లున్నారు అని ఆవిడ హాయిగా వివరించి, ఆన్ వయసు దొరికిందా అంది. ఇంకా వెతకాలి ఆంటీ అని చెప్పి బయటపడ్డాను. ఇంటికెళ్ళి అమ్మమ్మకి ఫోన్ చేసి, నీ మాట విని నా కొంప మునిగింది అన్నాను. ఆవిడ తాపీగా, ఇంటిపేరు ఒకటైతే ఏవైందే, గోత్రం వేరైతే నిక్షేపంలా చేసుకోవచ్చు, మన వీధి చివర రెండిళ్ళూ అలా వియ్యమందినవే కదా అంది. మరి ఆ రోజు చెప్పలేదేం అంటే, నువ్వు గోత్రం ఏంటో చెప్పలేదుగా అంది. ఇంగ్లండు రైతులకి గోత్రం నేనెక్కణ్ణించి తెచ్చేది?

ఇక్కడ నా గురించి ఒక నిజం చెప్పుకోవాలి. ఆ రాత్రి నాకు ముందొచ్చిన ఆలోచన మంచిదేం కాదు. ఆంటీ చూడలేదు. ఫైలు నా చేతిలో ఉంది. అందులో మార్ష్ అనే మాట తుడిచి టర్నర్ అని కొట్టేస్తే పుస్తకం వరకు సరిపోతుంది. కానీ ఆ రాయి? సోమవారం అతను ఉలి పట్టుకుంటాడు. ఆ వెన్నమ్మిన ఆవిడ పక్కన ఒక గుమాస్తా ఇంటిపేరు నా పుణ్యమా అని శాశ్వతంగా కూర్చుంటుంది. ఆంటీ ఆ తప్పుడు పేరునే నిజమనుకుంటూ పోతుంది. ఏ గుడ్డినమ్మకంతో ఆవిడ ఆ ఉత్తరం పంపింది? నా కళ్ళ మీద నమ్మకంతో. ఆ ఉద్యోగం పోతుందేమోనన్న భయం కూడా ఉందిగాని, అది రెండోది. ఆవిడ మళ్ళీ నన్ను లవ్ అని పిలవదేమో అన్నదే ఎక్కువ పీకింది. మర్నాడు శుక్రవారం, ట్యుటోరియల్ ఎగ్గొట్టి, భోజనం వేళ దాటాక రెండు వీధులూ కాళ్ళీడ్చుకుంటూ నడిచాను. రావలసిన రోజు కాదు కాబట్టి ఆవిడ తలుపు తీసి నా భుజం పక్కకి చూస్తూ ఎవరూ అంది. నేను గుమ్మంలోనే, నిమ్మచెట్టు సాక్షిగా, మొత్తం కక్కేశాను.

ఆవిడ అంతా విని తలుపు పూర్తిగా తెరిచింది. లోపలికి రమ్మని చేత్తో సైగ చేసింది. కుర్చీలో కూర్చున్నాక ఒకటే అడిగింది, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయని. దీంతో కలిపి పదకొండు అన్నాను. అప్పుడు చెప్పింది, గొంతు పెంచకుండా. 'నలభై ఏళ్ళు మందులిచ్చాను. డాక్టరు రాసింది తప్పులా కనిపిస్తే ఫోన్ చేసి అడిగేదాన్ని. నాకు నేనుగా ఒక్క మాత్ర కూడా మార్చలేదు లవ్. నీకు తప్పనిపిస్తే తప్పనిపించిందని నాకు చెప్పాలి. అంతే.' తిట్టినా బాగుండేది. అన్నిటికంటే ఆ 'లవ్' అన్నందుకు నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ టిష్యూ పెట్టె నా వైపు తోసి, అక్కడ ఆఫీసు తెరిచేది మనకి సాయంత్రం ఆరింటికి, ఇప్పుడు రెండైంది, ఈ నాలుగు గంటలూ ఊరికే కూర్చుంటామా, పెళ్ళిళ్ళ పుస్తకం మొదటి పేజీ తెరువు అంది.

ఆ నాలుగు గంటలు నేను చదివిన చదువు నా మాస్టర్స్‌లో కూడా చదవలేదు. ప్రతి పేరూ అక్షరం అక్షరం, రెండేసి సార్లు. ఒకచోట సిరా మరక కింద ఏదో ఉంది. నా బుర్ర అప్పుడే 'ఎలిజబెత్' అని అందించేసింది. నోరు తెరిచాను, మళ్ళీ మూశాను, మరకుంది, నాకు కనబడటం లేదు అన్నాను. 'మంచిది. ఖాళీ వదిలెయ్' అంది. ఐదు గంటలకి టీ పెట్టాను. అప్పుడు కాస్త మెత్తబడి, అసలు నీకా అనుమానం ఎందుకొచ్చింది అని అడిగింది. మాలో ఒకే ఇంటిపేరుంటే తోబుట్టువుల కింద లెక్క ఆంటీ, అలాంటివాళ్ళు పెళ్ళాడితే మహాపాపం అన్నాను. సబబుగానే ఉందంది. మరి మీ అమ్మానాన్నలది వేరు వేరు ఇంటిపేర్లేనా అంది. వేరే ఆంటీ, మా నాన్న మా అమ్మకి సొంత మేనమామ కొడుకు అన్నాను. ఆవిడ టీకప్పు గాల్లో ఆగిపోయింది. అది ఫరవాలేదా అంది, చాలా మర్యాదగా. ఫరవాలేకపోవడం ఏంటి ఆంటీ, అంతకంటే మంచి సంబంధం ఉండదు కదా అన్నాను. ఆవిడ ఫ్రిజ్జు వైపు, అంటే నా వైపు, కాసేపు చూసి, ఇంకో బిస్కెట్టు తీసుకోమంది.

ఆరయ్యింది. ఆంటీ అంకెలు తడుముకుని తనే డయల్ చేసింది. స్పీకర్లో అవతల ఊరి ఆఫీసావిడ. సంగతి చెప్పగానే ఆవిడ అయ్యో అంది. చెక్కే అతను సోమవారం దాకా ఆగలేదట, కుదిరిందని నిన్ననే మొదలెట్టాడట. కానీ ఈవేళ శుక్రవారం కదా, అతను సంతలోనే కొట్టు పెట్టుకుని ఉంటాడు, వెళ్ళి అడిగొస్తా, లైన్లో ఉండండి అంది. ఆవిడ ఫోన్ పట్టుకునే నడిచింది. అంత దూరాన్నించి ఆ సంత మాకు వినబడింది. ఎవరో బంగాళాదుంపలు అరిచి అమ్ముతున్నారు, ఎక్కడో కుక్క మొరిగింది, ఎవరో నవ్వారు. ఆంటీ బల్ల మీదికి వంగి చెవి ఫోనుకి ఆనించింది. అరవై ఏళ్ళయింది ఆవిడ ఆ చప్పుడు విని. నేను ఊపిరి బిగబట్టి గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆఫీసావిడ గొంతు తిరిగొచ్చింది. 'ఆన్ వరకే చెక్కాడట. ఇంటిపేరు ఇంకా ముట్టుకోలేదు. ఇప్పుడేం చెక్కమంటారు?'

టర్నర్ అని చెప్పింది ఆంటీ. అవతలావిడ అనుమానపడింది. మొగుడిది కాదండీ, పుట్టింటి పేరు కావాలి, రాయి కదా, మళ్ళీ చెరపలేం, మీకు ఖాయంగా తెలుసా అంది. అప్పుడు ఆంటీ ఏం చేసిందో తెలుసా? ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

'చదివింది ఈ అమ్మాయి. ఈమె చెబుతుంది.'

రెండు వారాల కిందట తన వంశాన్నే గుమాస్తాకి రాసిచ్చేసినదాని చేతికి అలా ఎవరిస్తారండీ? తెర మీద ఆ పేజీ పెద్దది చేసుకుని, మొహం దానికి ఆనించినంత దగ్గరగా పెట్టి, టి, యు, ఆర్, ఎన్, ఈ, ఆర్ అని చెప్పాను. మళ్ళీ ఒకసారి చెప్పాను. ఇద్దరిదీ అదే పేరు, రెండు వేరు కుటుంబాలు, బాప్తిస్మాల పుస్తకంలో కూడా చూశాను, ఖాయం అన్నాను. ఫోన్ పెట్టేశాక నేను భయపడుతూ పక్కకి చూస్తే ఆంటీ భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకుని లేచాను. నవ్వుతోంది. కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకుని, బల్ల మీద అరచేత్తో కొట్టి మరీ నవ్వుతోంది. 'చూశావా లవ్, ఈవిడ పేరు ఎక్కడ పోయిందా అని పదిహేనేళ్ళు వెతికాను. ఎక్కడికీ పోలేదు. పెళ్ళాడి కూడా తన పేరు తన దగ్గరే ఉంచుకుంది!' అంది. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం ఆగకుండా నవ్వాం. ఆ తర్వాత మరో ఏడాదిన్నర, యూని అయిపోయేదాకా, మంగళ, గురువారాలు వెళుతూనే ఉన్నాను. పుస్తకం పూర్తయింది. చర్చి వాళ్ళు అచ్చువేయించి పంపారు. అందులో చదవడానికి వీలుకాలేదు అని ఉన్న చోట్లన్నీ నావే, వాటిని చూసుకుని ఇప్పటికీ మురిసిపోతాను.

నేను కాన్‌బెర్రా వచ్చిన రెండో చలికాలంలో ఆంటీ పోయింది. ఆవిడ రాసిచ్చిన ఉత్తరం చూసే నాకు ఇక్కడి మొదటి ఉద్యోగం ఇచ్చారు. అందులో 'ఈ అమ్మాయి తనకి తెలియనప్పుడు తెలియదని చెబుతుంది' అని ఒక వాక్యం ఉంది. నా జన్మలో అంత పెద్ద బిరుదు నాకెవరూ ఇవ్వలేదు. ఇక్కడే నాకు పెళ్ళయింది. రిజిస్టర్లో సంతకం పెట్టాక, ఇంటిపేరు మార్చుకుంటావా అని అందరూ అడిగారు. మార్చుకోలేదు. మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు, తెలుగు అర్థమవుతుంది గాని జవాబంతా ఇంగ్లీషే. అమ్మ పేరు వేరే ఎందుకుందని స్కూల్లో అడిగారని మొన్న వచ్చి నన్నడిగింది. అనగనగా ఒక వెన్న మండపం అని మొదలెట్టాను. 'మమ్, షార్ట్ వెర్షన్ ప్లీజ్' అంది. షార్ట్ వెర్షన్ లేదు పో, పెద్దయ్యాక చెబుతానన్నాను. అది వెళ్ళిపోయాక ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. అన్నీ తెలుసనుకున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల ఇప్పుడు ఎదురైతే ముందు నెత్తిన ఒక మొట్టికాయ వేస్తాను. తర్వాత మాత్రం, ఆ శుక్రవారం మధ్యాహ్నం కాళ్ళీడ్చుకుంటూనైనా ఆవిడ గుమ్మం దాకా నడిచి వెళ్ళినందుకు, దాన్ని దగ్గరికి తీసుకుంటాను.